ఎంత సంసారానికి ఎంత ఇల్లు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు రెండు కష్టాలనూ ఒకే గాటకు కట్టివేశారు. పెళ్ళి దగ్గర మనవారి జాగ్రత్త ఇంతా అంతా కాదు. జాతకాలు చూస్తారు, వంశం విచారిస్తారు, ఈడూ జోడూ కుదిరిందా అని నలుగురినీ అడుగుతారు. ఇల్లు దగ్గరకు వచ్చేసరికి వాస్తు చూస్తారు, వీధిపోటు చూస్తారు, బ్యాంకువారు ఎంత అప్పిస్తారో చూస్తారు. ఆ ఇంటికీ తమ సంసారానికీ ఈడూ జోడూ కుదిరిందా అని మాత్రం చూసేవారు అరుదు.

అందువల్లనే మన ఊళ్ళలో ఒక చిత్రం కనబడుతుంది. ఇద్దరు పిల్లలు, తాతగారు, మామ్మగారు, తామిద్దరూ కలిసి ఆరుగురున్న రోజుల్లో ఆ దంపతులు రెండు గదుల అద్దె వాటాలో సర్దుకొని కాలక్షేపం చేస్తారు. పెద్దలు దాటిపోయి, పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిపోయిన తరువాత రెండంతస్తుల మేడ కట్టి, అందులో ఇద్దరే దిగుతారు. గృహప్రవేశం నాడు కిక్కిరిసిన ఇల్లు మూడోనాటికి బోసిపోతుంది. మేడమీది గదులకు తాళాలు పడతాయి. వారానికొకసారి ఆ తాళం తీసి బూజు దులపడమే ఆ గదులకు జరిగే ఉపచారం. గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరం, హైదరాబాదు, ఏ ఊళ్ళో ఏ కాలనీలో నడిచినా ఇటువంటి ఇళ్ళు నాలుగైనా కనబడతాయి. పిల్లల చిరునామా మాత్రం బెంగుళూరులోనో, డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటుంది.

కావలసినప్పుడు ఇరుకు, అక్కరలేనప్పుడు విశాలం! ఎందుకిలా జరుగుతున్నది? దీనికి విరుగుడు ఉన్నదా?

సాగే ఇళ్ళు, సాగని ఇళ్ళు

వెనుకటి రోజుల్లో ఈ చిక్కు ఇంతగా లేదు. గోదావరి, కృష్ణా ప్రాంతాల మండువా లోగిలిని ఒకసారి తలచుకోండి. నడిమధ్య ఆకాశం కనబడే మండువా, దాని చుట్టూ వసారాలు, వసారాల వెనుక గదులు, ఆ వెనుక వంటిల్లు, దొడ్డి. వంటిల్లు, దేవుడి గది, ధాన్యపు గది తప్పిస్తే తక్కినదంతా ఉమ్మడి జాగాయే. ఎక్కడ చాప పరిస్తే అదే పడకగది. పెళ్ళివారు వస్తే వసారాలు విడిదులయ్యేవి. కూతురు పురిటికి వస్తే ఒక మూలగది పురిటిగది అయ్యేది. కోతలు కాగానే ఆ వసారాల్లోనే బస్తాలు పడేవి. పైగా ఒక జంట ముసలిదయ్యేసరికి మరొక జంట కొత్తకాపురం మొదలుపెట్టేది. ఆ ఇల్లు ఒక దంపతులది కాదు, మూడు తరాలది. అందుకే ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది.

అలాగని ఆ ఇళ్ళన్నీ స్వర్గాలని చెప్పడం లేదు. కొత్త కోడలికి మగనితో నాలుగు మాటలు చెప్పుకొనే చాటు ఉండేది కాదు. అంత లోగిలినీ అలికి ముగ్గులు పెట్టే చాకిరీ ఆడవాళ్ళ నెత్తిమీదనే పడేది. అసలు అవి భూమీ పుట్రా ఉన్నవారి ఇళ్ళు. చిన్నసంసారులు మరొక పద్ధతిలో నెట్టుకొచ్చారు. రెండు దూలాల నడుమ జాగాను అంకణం అనేవారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఇంటికి మరొక అంకణం కలుపుకొనేవారు. నెల్లూరు ప్రాంతంలో నేటికీ స్థలాలను అంకణాల లెక్కన చెప్పుకొంటారు. అక్కడ అంకణమంటే 72 చదరపుటడుగులు. ఇంటికీ సంసారానికీ ఒకే కొలత ఉన్న రోజులవి.

ఈనాటి ఫ్లాటు సాగదు, కుంచించుకోదు. ప్రతి గదికీ పుట్టుకతోనే పేరు పెట్టి ఉంచుతారు: ఇది పెద్దవాళ్ళ పడకగది, ఇది పిల్లల గది, ఇది చుట్టాల గది అని. పిల్లలు వెళ్ళిపోయి పదేళ్ళయినా అది "పిల్లల గది"గానే ఉండిపోతుంది.

ఇంకొక వంక మనుషులు తగ్గిపోతున్నారు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి సగటున నలుగురున్నర మంది. 2011 నాటికి ఆ సగటు నాలుగుకు దిగింది. ఆ ఏడాదే దేశం మొత్తం మీద సగటు అయిదుకు దగ్గరగా ఉన్నది. అంటే తెలుగువారి సంసారం దేశపు సగటుకంటె చిన్నదన్నమాట. ఆ లెక్కల్లోనే మరొక సంగతి ఉన్నది. దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలోనూ, 32 కుటుంబాలు రెండు గదుల్లోనూ కాపురం ఉంటున్నాయని 2011లో తేలింది. ఎంత ఇల్లు కావాలి అన్న ప్రశ్న వేసుకోగలగడమే ఒక భాగ్యం. ఆ భాగ్యం కలిగినవారు ప్రశ్నను సరిగా వేసుకోవడం న్యాయం.

వేళ్ళమీద లెక్క

ఒక మధ్యతరగతి గృహస్థును ఊహించుకోండి. 27వ ఏట పెళ్ళి. 29వ ఏట పెద్దబిడ్డ, 32వ ఏట చిన్నబిడ్డ. పెద్దబిడ్డ 18 నిండి హాస్టలుకు పోయేనాటికి తండ్రికి 47 ఏళ్ళు. చిన్నబిడ్డ పోయేనాటికి 50. అంటే ఇల్లు నిజంగా నిండుగా ఉండేది 32 నుంచి 47 వరకు, మొత్తం 15 సంవత్సరాలు. పదో తరగతి కాగానే ఇంటరు చదువుకు హాస్టల్లో చేర్చే ఇళ్ళలో ఆ పదిహేను కూడా పదమూడే. ఆ తరువాత భగవంతుడు 80 ఏళ్ళు ఆయుష్షిస్తే, 50 నుంచి 80 దాకా 30 ఏళ్ళు ఇంట్లో ఉండేది ఇద్దరు, చివరకు ఒకరు.

నిండు సంసారం పదిహేనేళ్ళు, ఇద్దరి సంసారం ముప్పయ్యేళ్ళు! వేళ్ళు మడిచి చూసుకొంటే ఎవరికైనా తెలిసే ఈ లెక్కను ఇల్లు కొనేటప్పుడు ఎవరూ వేయరు.

ఎందుకు వేయరంటే, ఇంటి కొలతను నిర్ణయించేది మనుషుల లెక్క కాదు, జీతపు లెక్క. ఉద్యోగి జీతం నిండుకు వచ్చేది ఏభయ్యో పడిలో. పెద్ద అప్పు పుట్టేదీ, పి.ఎఫ్. సొమ్ము కాస్త కూడేదీ అప్పుడే. ప్రభుత్వపు క్వార్టర్ల సంగతి చూడండి. టైపు ఒకటి, టైపు రెండు, టైపు మూడు అని హోదాను బట్టి ఇస్తారు. పిల్లలు పాకే రోజుల్లో రెండు గదుల క్వార్టరు, పిల్లలు వెళ్ళిపోయాక తోటతో సహా బంగళా. ఆ తోటలో వేసిన మామిడి కాపుకు వచ్చే ఏడు పదవీవిరమణ! 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి కట్టిన కాలనీలలోనూ అదే వరస. ఇళ్ళకు ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని పేర్లు పెట్టారు. అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం అని వాటి అర్థం. హైదరాబాదు కూకట్‌పల్లి కాలనీ చిరునామాల్లో ఆ అక్షరాలు నేటికీ ఉన్నాయి. ఇంటిని ఆదాయంతో కొలిచారు గాని, అందులో మసలే మనుషులతో కొలవలేదు.

కాబట్టి మనం ఒక్కొక్క దశనూ వేరుగా చూద్దాము.

కొత్త కాపురం

కొత్త దంపతులకు కావలసినది విశాలమైన ఇల్లు కాదు, తమదైన ఇల్లు. తలుపు వేసుకొంటే ఇంకొకరి దగ్గు వినబడని ఒక గది, ఒక వంటిల్లు, నీళ్ళకు లోటు లేని స్నానాలగది, అత్తవారో అమ్మవారో వస్తే చాప పరచుకొనేందుకు ముందు హాలు. ఇంతకు మించి ఏదైనా అలంకారమే.

ఈ దశలో ఇంటి విశాలంకంటె ఇంటి దూరాన్ని ఎక్కువగా చూసుకోవాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసేవారైతే, ఊరి చివర మూడు గదుల ఇంట్లో ఉండి రోజుకు రెండు మూడు గంటలు బస్సులో గడపడంకంటె, ఆఫీసుకు దగ్గరగా ఒక గది ఇంట్లో ఉండడం మేలు. రాత్రి ఏడింటికి ఇద్దరూ ఇల్లు చేరి కలిసి వండుకొంటే ఆ కాపురమే వేరు.

ఇల్లు కొనే తొందర కూడా అప్పుడే పడరాదు. ఉద్యోగం ఏ ఊళ్ళో స్థిరపడుతుందో, ఇద్దరిలో ఎవరికి బదిలీ వస్తుందో తెలియదు. "అద్దె దండగ" అని పెద్దలు అంటారు. ఒకసారి ఇల్లు కొని మళ్ళీ మార్చాలంటే స్టాంపులకూ రిజిస్ట్రేషనుకూ కలిపి మన రెండు రాష్ట్రాలలోనూ విలువలో సుమారు ఏడున్నర శాతం పోతుంది. అరవై లక్షల ఇంటికి అది నాలుగున్నర లక్షలు. ఆ దండగను వారు లెక్కలోకి తీసుకోరు.

పసిపిల్లల ఇల్లు

బిడ్డ పుట్టగానే "ఇల్లు చాలదు, పెద్ద ఇల్లు చూడండి" అనడం పరిపాటి. నిజానికి పసిబిడ్డకు ప్రత్యేకంగా గది అక్కరలేదు. మన ఇళ్ళలో అయిదారేళ్ళు వచ్చేదాకా బిడ్డ తల్లి పక్కనే పడుకొంటుంది. అప్పుడు కావలసినవి వేరు: బట్టలు ఆరే ఎండ, వంటింట్లో నిలబడి చూస్తే బిడ్డ కనబడే నేల, గేటు లోపల పరుగెత్తడానికి నాలుగు గజాల జాగా, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు.

అన్నిటికంటె ముఖ్యం, బిడ్డను చూసే మనిషికి చోటు. అమ్మమ్మో నాయనమ్మో వచ్చి ఆరు నెలలు ఉండాలంటే ఆమెకు హాల్లో సోఫా చూపిస్తే ఉండగలుగుతుందా? ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, జపం చేసుకొంటుంది, తొమ్మిదింటికల్లా పడుకొంటుంది. రెండో పడకగది అవసరం మొదట వచ్చేది పిల్లల కోసం కాదు, పిల్లలను పెంచే ఆ పెద్దావిడ కోసం. మోకాళ్ళ నొప్పులున్న ఆమెకు లిఫ్టు లేని మూడో అంతస్తు ఎంత విశాలంగా ఉంటేనేం, చెరసాలే.

చదువుల ఇల్లు

పిల్లలకు పది దాటిన తరువాతనే అసలు ఇరుకు మొదలవుతుంది. ఇది నిండు సంసారపు దశ. అప్పుడు కూడా లోటుగా కనబడేది చదరపుటడుగులు కాదు, తలుపులు. హాల్లో తాతగారు టీవీ చూస్తూంటారు. పక్కనే పిల్ల పరీక్షకు చదువుకొంటూంటుంది. తండ్రి ఫోనులో ఆఫీసు మాటలు మాట్లాడుతూంటాడు. ఇంకొక మూడు వందల చదరపుటడుగులు ఆ హాలుకే కలిపితే ఈ బాధ తీరదు. మూసుకొనే తలుపున్న చిన్నగది ఒకటి ఉంటే తీరుతుంది.

ఆ గది ఎంత ఉండాలి? 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం, రెండు గదుల ఇంట్లో ఒక గది కనీసం 9.5 చదరపు మీటర్లు, రెండోది 7.5 చదరపు మీటర్లు ఉండాలి. అంటే సుమారు 102, 81 చదరపుటడుగులు. వంటిల్లు 5 చదరపు మీటర్లు. ఇవి కనీసపు కొలతలే, సుఖపు కొలతలు కావు. కాని ఎనభై చదరపుటడుగుల గదిలో మంచం, బల్ల, కుర్చీ, గోడకు పుస్తకాల అర అమరుతాయని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంకొక మాట ఇల్లాళ్ళను అడిగితే చెబుతారు. పొద్దున్న ఏడింటికి నలుగురూ స్కూళ్ళకూ ఆఫీసులకూ బయలుదేరే ఇంట్లో మూడో పడకగదికంటె రెండో స్నానాలగది విలువైనది. 2015లో తెలంగాణా ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు పడకగదుల ఇళ్ళ పథకంలో ఒక్కొక్క ఇంటికి 560 చదరపుటడుగుల నిర్మాణం. అందులో హాలు, వంటిల్లు, రెండు పడకగదులతో పాటు రెండు స్నానాలగదులు కూడా ఇమిడ్చారు. విశాలం లేకపోయినా అమరిక ఉన్నది.

ఫ్లాటు చూడబోయేటప్పుడు అమ్మేవారు చెప్పే అంకెను చూసి మోసపోకండి. మెట్లు, లిఫ్టు, నడవలు అన్నీ కలిపి పదిహేను వందల అడుగులని చెబుతారు. అందులో మీరు చాప పరచుకోగల జాగా నాలుగోవంతు తక్కువ ఉండవచ్చు, ఒక్కొక్కచోట ఇంకా తక్కువ. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం, దీనినే రెరా అంటున్నారు, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో ఖాయంగా చెప్పింది. వెలుపలి గోడలు, బాల్కనీలు, డాబా తీసివేసి, లోపలి అడ్డుగోడలను కలుపుకొని వచ్చే నికరమైన జాగాయే అది. ఆ అంకెనే అడగండి, ఆ అంకెతోనే ఒక ఇంటిని మరొక ఇంటితో పోల్చండి.

చుట్టాల గది ఖరీదు

"అన్నీ బాగానే ఉన్నాయి, నలుగురు చుట్టాలు వస్తే ఎలా?" అంటారు. ఈ ప్రశ్నలో మర్యాద ఉన్నది, కాదనలేము. కాని దీనికొక లెక్క ఉన్నది.

ఒక పడకగది అదనంగా ఉన్న ఇంటికి పదిహేను లక్షలు ఎక్కువ అనుకొందాము. ఆ సొమ్ము నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి ఇరవయ్యేళ్ళ వాయిదాల మీద అప్పు తెస్తే నెలకు సుమారు 13,000 రూపాయలు. ఇరవయ్యేళ్ళలో కట్టేది మొత్తం 31 లక్షల పైచిలుకు. ఏడాదికి ఇరవై రోజులు చుట్టాలు ఉంటారనుకొంటే ఇరవయ్యేళ్ళకు నాలుగు వందల రోజులు. రోజుకు దాదాపు 7,800 రూపాయలు! ఆ డబ్బుతో వచ్చిన చుట్టాన్ని మంచి హోటల్లో దింపి, పట్టుబట్ట పెట్టి పంపవచ్చు.

గది విలువ పెరుగుతుంది కదా, అది పెట్టుబడి కదా అంటారా? నిజమే, పెరగవచ్చు. అయితే బ్యాంకులో వేసిన పెట్టుబడిని రోజూ ఊడ్చి తుడవనక్కరలేదు. ఇంటి విశాలాన్ని ముచ్చటించేది మగవారు, మోసేది ఆడవారు. ఇల్లు ఎంతో నిర్ణయించే ముందు, దానిని ఎవరు ఊడుస్తారో వారిని అడగడం ధర్మం.

కొనేది దేనికి, అద్దె దేనికి?

ఇప్పుడు వేళ్ళమీది లెక్కకు తిరిగి వద్దాము. పదిహేనేళ్ళ దశకు పెద్ద ఇల్లు కావాలి. ముప్పయ్యేళ్ళ దశకు చిన్న ఇల్లు చాలు. మనం చేస్తున్నదేమిటి? నిండు దశలో చిన్న ఇంట్లో అద్దెకుండి, ఇద్దరి దశకు పెద్ద ఇల్లు కొంటున్నాము. దీనిని తిరగవేస్తే చాలు. కొనవలసినది పొడుగాటి దశకు, అద్దెకు తీసుకోవలసినది నిండు దశకు.

ముప్పయి అయిదు, నలభై ఏళ్ళ వయసులో, మీరు చివరిదాకా ఉండదలచిన ఊళ్ళో, చేతికి మించని రెండు పడకగదుల ఇల్లు కొనండి. దానిని అద్దెకివ్వండి. పిల్లల బడికీ మీ ఆఫీసుకూ దగ్గరలో కాస్త పెద్ద ఇల్లు అద్దెకు తీసుకొని ఆ పదిహేనేళ్ళూ అందులో ఉండండి. ఇటు వచ్చే అద్దె అటు పోయే అద్దెకు కొంత ఆదుకొంటుంది. పిల్లలు వెళ్ళాక అప్పు తీరిన సొంత ఇంట్లోకి దిగవచ్చు.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. ఇంటివారు ఖాళీ చేయమంటే పరీక్షల రోజుల్లో సామాను మోయవలసి వస్తుంది. మేకు కొట్టాలన్నా అనుమతి అడగాలి. అందరికీ ఈ పద్ధతి పడదు. అద్దె ఇల్లంటే మనసొప్పనివారు నిండు దశకు సరిపోయే ఇల్లే కొనుక్కోవచ్చు. కాని అది నలభై లోపల కొనాలి, ఏభై దాటాక కాదు.

స్థలం ఉండి కట్టుకొనేవారికి

సొంత స్థలంలో కట్టుకొనేవారికి ఇంతకంటె మంచి ఉపాయం ఉన్నది. మండువా లోగిలికి ఉన్న గుణాన్ని, అవసరాన్ని బట్టి సాగి, అవసరం తీరాక వాటాలయ్యే గుణాన్ని, కొత్త ఇంటికి కల్పించవచ్చు.

మొదట, కింది అంతస్తు తనంత తానుగా పూర్తి ఇల్లు కావాలి. వంటిల్లు, పడకగది, స్నానాలగది కిందనే ఉండాలి. రెండు, మేడమెట్లు హాల్లోంచి కాకుండా బయటి నుంచి ఉండాలి. హాలు మధ్య నుంచి లేచే మెట్లు సినిమాలో అందంగా ఉంటాయి. ఆ మెట్లు పెట్టిన ఇంటిని మాత్రం జన్మలో అద్దెకివ్వలేరు. మూడు, కింది వంటింటికి సరిగ్గా పైన ఒక గదికి నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ముందే వేసి ఉంచాలి. రేపు అక్కడ వంటిల్లు కావాలంటే గోడలు పగలగొట్టే పని ఉండదు. నాలుగు, మేడకు వేరే కరెంటు మీటరు పెట్టుకొనే వీలుండాలి. పిల్లలు ఎదిగే రోజుల్లో రెండంతస్తులూ మీవే. వారు వెళ్ళాక మేడమీద ఒక చిన్న సంసారం అద్దెకు దిగుతుంది. నెలనెలా నాలుగు డబ్బులు వస్తాయి. అంతకంటె ముఖ్యం, రాత్రివేళ ఆయాసం వస్తే పిలవడానికి పైన మనుషులుంటారు.

ఒకేసారి అంతా కట్టనక్కరలేదు కూడా. ఇండోరు నగరంలో 1980లలో ఆరణ్య అనే పెద్ద కాలనీకి రూపకల్పన చేసిన బాలకృష్ణ దోషీ, పేద కుటుంబాలకు పూర్తి ఇళ్ళు ఇవ్వకుండా, చిన్న స్థలంలో పునాది అరుగు, నీటి కొళాయి, మరుగుదొడ్డి వంటి ముఖ్యమైనవి అమర్చి ఇచ్చే పద్ధతి పెట్టారు. మిగిలినది ఎవరి శక్తి కొద్దీ, ఎవరి సంసారం కొద్దీ వారు కట్టుకొన్నారు. 1995లో ఆ కాలనీకి ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. 2018లో దోషీగారికి వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమానం లభించింది. అంకణం తరువాత అంకణం కలుపుకొన్న మన పాతవారి తెలివి ఇందులోనూ ఉన్నది.

ఇద్దరి ఇల్లు

ఇక అన్నిటికంటె కష్టమైన దశ. పిల్లలు వెళ్ళిపోయారు. ఇల్లు పెద్దది. వదులుకొని చిన్న ఇంటికి పోవడానికి మనసొప్పదు. "అబ్బాయి వస్తే ఎక్కడ ఉంటాడు? అమ్మాయి పురిటికి వస్తే?" అంటారు. ఒకప్పుడు పురిటికి కూతురు పుట్టింటికి వచ్చేది. ఈనాడు ఎన్నో ఇళ్ళలో తల్లే ఊరగాయ జాడీలు సర్దుకొని విమానమెక్కి కూతురింటికి పోతున్నది! అబ్బాయి వచ్చేది రెండేళ్ళకొకసారి, మూడు వారాలకు. అందులో ఒక వారం అత్తవారింట్లో, ఒక వారం తిరుపతి, షిర్డీ.

అయితే ఇల్లంటే గోడలే కాదన్న మాట నిజం. కూతురు పెళ్ళినాడు తోరణం కట్టిన గుమ్మం, మామగారు నాటిన కరివేపచెట్టు, నలభై ఏళ్ళుగా గోడ మీదుగా కూర గిన్నె అందుకొనే పక్కింటి పిన్నిగారు, వీటికి చదరపుటడుగుల లెక్క లేదు. కాబట్టి ఇల్లు మారడమొక్కటే మార్గమని ఎవరూ శాసించలేరు. సగం ఇల్లు అద్దెకిచ్చి సగంలో ఉండడం ఒక మార్గం. అదే వీధిలో చిన్న ఇంటికి మారడం మరొకటి. ఏది చేసినా ఓపిక ఉన్నప్పుడే చేయాలి. అరవైలో మారితే అది మన నిర్ణయం. ఎనభైలో తుంటి ఎముక విరిగాక మారితే అది పిల్లల నిర్ణయం, డాక్టరుగారి నిర్ణయం. కొత్త ఇరుగుపొరుగుతో స్నేహం కలవాలన్నా, కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్చి చేతికి తగలాలన్నా కొన్నేళ్ళు పడుతుంది.

ఈ దశకు ఇల్లు చిన్నదైనా ఇరుకు కారాదు. తలుపులు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చక్రాల కుర్చీ పడుతుంది. అది తిరగడానికి ఒకటిన్నర మీటర్ల ఖాళీ కావాలి. స్నానాలగదిలో జారని నేల, గోడకు పట్టుకొనే కడ్డీ, పడకగది నుంచి అక్కడికి గడప లేని దారి ఉండాలి. నడిచి పోగల దూరంలో మందుల షాపు, గుడి, కూరల బండి ఉండాలి. నాలుగో పడకగది ఈ జాబితాలో ఎక్కడా లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఇల్లు అమ్మినా, మార్చినా, పిల్లల పేర రాసినా, మీ తలమీది నీడ మీ చేతిలో ఉంచుకోండి. మమ్మల్ని చూసుకోవాలి అనే షరతుతో ఆస్తి రాసి ఇచ్చాక, ఆ మాట నిలబెట్టుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునలును కోరడానికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను వీలు కల్పిస్తున్నది. షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించడం క్షేమం. 60 నిండినవారు సొంత ఇంట్లోనే ఉంటూ, దాని పూచీ మీద బ్యాంకు నుంచి నెలనెలా సొమ్ము పొందే రివర్స్ మార్ట్‌గేజ్ పద్ధతి కూడా 2007లోనే మన దేశానికి వచ్చింది. ఇంటి విలువ కోట్లలో ఉండి, మందులకు పిల్లలను అడగవలసిన పెద్దలు దానిని విచారించి చూడవచ్చు.

మూడు ప్రశ్నలు

ఇల్లు చూడబోయే ముందు "ఎన్ని పడకగదులు?" అని అడగడం మనకు అలవాటు. దానికి ముందు ఈ మూడు ప్రశ్నలు ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోండి. ఈ ఇంట్లో ఎందరం, ఎన్నేళ్ళు ఉంటాము? ఈ ఇంటిని రోజూ ఎవరు ఊడుస్తారు? మనుషులు తగ్గిన నాడు ఈ ఇంటితో ఏమి చేస్తాము?

మూడింటికీ జవాబు దొరికితే ఇంటి కొలత దానంతట అదే తేలుతుంది. అప్పుడు గృహప్రవేశానికి పాలు పొంగించండి. ఆ పాయసం తినడానికి పిల్లలు ఇంకా ఇంట్లో ఉన్న వయసులోనే పొంగిస్తే మరీ మంచిది.